మందిరానికి తాళం పడకముందే: చిన్న సంఘాలలో తగవులు తీర్చుకొనే తీరు

సరిహద్దు గ్రామాలలోని తెలుగు క్రైస్తవ సంఘాలు సాధారణంగా చిన్నవి. ముప్పై నలభై కుటుంబాలు, పెంకులో రేకులో కప్పిన ఒక మందిరం, ఒక గంట, ఊరి చివర ఒక సమాధుల తోట. బడిలో కన్నడమో తమిళమో ఒడియానో చదివే పిల్లలకు తెలుగు అక్షరం కంటబడే చోటు, వారమంతా వేరొక భాషలో పనులు చక్కబెట్టుకొనే పెద్దలకు పదిమందితో కలిసి తెలుగు పాట పాడే చోటు చాలా ఊళ్లలో ఆ మందిరమే. అటువంటి చోట తగవు ముదిరి తలుపుకు తాళం పడితే ఆదివారపు ఆరాధనతో పాటు ఊరిలోని తెలుగు కూడలి కూడా మూతపడుతుంది.

పట్నంలో మనస్పర్థ వస్తే అలిగినవారు మరొక మందిరానికి వెళ్లిపోతారు. పల్లెలో ఆ వీలు లేదు. తగవు పడిన ఇద్దరూ ఒకే కొళాయి దగ్గర బిందెలు పెట్టవలసినవారు, ఒకరి పిల్లను మరొకరి ఇంటికి ఇచ్చుకొన్నవారు, తుదకు ఒకే తోటలో పక్కపక్కన విశ్రమించవలసినవారు. కనుక పెద్ద సంఘాలకు పనికివచ్చే పద్ధతులన్నీ చిన్న సంఘానికి పనికిరావు. చిన్న సంఘంలో గెలుపు ఓటములకు విలువ తక్కువ. తీర్పు అయిన మరునాడు ఆ ఇద్దరూ ఎదురుపడితే పలకరించుకోగలరా లేదా అన్నదే అసలు కొలత.

సంఘాలు వచ్చిన దారి

సరిహద్దు సంఘాల తగవులను అర్థం చేసుకోవాలంటే అవి ఏర్పడిన తీరు కొంత తెలియవలెను. నేటి రాష్ట్రాల గీతలు గీయకముందే వీటిలో పెక్కు సంఘాలు పుట్టినవి. లండన్ మిషనరీ సొసైటీ తెలుగు ప్రాంతంలో 1805లో విశాఖపట్నంలోను, 1810లో బళ్లారిలోను పని ఆరంభించింది. బళ్లారి నేడు కర్ణాటకలో ఉన్నది. జర్మనీలోని బ్రెక్లుం నుండి వచ్చిన లూథరన్ మిషనరీలు 1882 నుండి జయపురం, కోరాపుట్, సాలూరు ప్రాంతాలలో పని చేశారు. వాటిలో సాలూరు నేడు ఆంధ్రప్రదేశ్‌లోను, మిగిలిన రెండూ ఒడిశాలోను ఉన్నవి. కోలారు బంగారు గనులకు కూలికి వెళ్లిన తెలుగు, తమిళ కుటుంబాలు అక్కడే స్థిరపడి, 2001లో గనులు మూతపడిన తరువాత కూడా ఆ ఊరిని విడువలేదు.

1947 సెప్టెంబరు 27న చెన్నపట్నంలో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ హిందూ ఐక్య సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినవి. బాప్టిస్టు, లూథరన్ సంఘాలు తమ తమ కట్టుబాట్లతో వేరుగా కొనసాగినవి. తరువాతి కాలంలో ఏ పెద్ద సంస్థకూ చెందని స్వతంత్ర సంఘాలు అనేకం వెలసినవి. ఒకే ఊరిలో ఈ మూడు నాలుగు రకాల సంఘాలు ఉండటం నేడు సాధారణం. తగవు వచ్చినప్పుడు పై మాట ఎవరిదన్న ప్రశ్నకు ఒక్కొక్క రకం సంఘంలో ఒక్కొక్క జవాబు ఉంటుంది. అది తెలియకపోవడం వల్లనే సగం తగవులు ముదురుతున్నవి.

తగవుకు వేళ్లు ఎక్కడ

చిన్న సంఘాలలో తగవులు ఎక్కువగా అయిదు చోట్ల పుడతాయి. మొదటిది కానుకల లెక్క. రెండవది మందిరపు స్థలం, సమాధుల తోట ఎవరి పేర ఉన్నవన్నది. మూడవది సంఘకాపరి రాక, పోక, జీతం. నాలుగవది ఆరాధన భాష. అయిదవది కులం, వియ్యం, ఇంటి గొడవలు మందిరంలోకి రావడం. పైకి ఏ పేరు పెట్టినా, ఎన్నో తగవుల అడుగున కనిపించేది ఈ అయిదవదే. పెండ్లి సంబంధం చెడిన రెండు కుటుంబాలు కమిటీ ఎన్నికలలో ఎదురెదురుగా నిలబడితే, అక్కడ లెక్కల పుస్తకం కేవలం సాకు. ఒకే సంఘంలో రెండు కులాలవారు ఉన్న చోట పెద్దరికం ఎప్పుడూ ఒక వైపే ఉంటే, రెండవ వైపువారికి చిన్న విషయం కూడా అవమానంగా తోస్తుంది. వారిది అతి అనుమానమని కొట్టిపారవేయడం వల్ల తగవు తీరదు. పదవులు చేతులు మారినప్పుడే ఆ అనుమానం తగ్గుతుంది.

కనుక ముందు చేయవలసిన పని తగవును పేరు పెట్టి గుర్తించడం. ఇద్దరి నడుమ మాటపట్టింపా, పదవికో లెక్కకో సంబంధించినదా, బోధకు సంబంధించినదా, లేక నేరమా? మొదటి మూడింటికి సంఘం లోపలే మార్గాలున్నవి. నాలుగవదానికి లేవు. స్త్రీపై దౌర్జన్యం, కొట్లాట, దొంగతనం వంటివి రాజీపెట్టెలో వేసి మూసే విషయాలు కావు. ముఖ్యంగా పిల్లలపై లైంగిక అత్యాచారం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ విధిస్తున్నది. తెలిసి దాచినవారికి 21వ సెక్షన్ కింద శిక్ష ఉన్నది. సంఘం పరువు కోసమని పెద్దలు నోరు మూయించడం చట్టరీత్యా నేరం, ఆ బిడ్డకు రెండవసారి చేసే అన్యాయం కూడా.

మూడు మెట్లు

సంఘంలో తప్పు జరిగినప్పుడు ఏమి చేయాలన్న దానికి మత్తయి సువార్త 18వ అధ్యాయం 15 నుండి 17 వచనాలలో మూడు మెట్లు చెప్పబడినవి. ముందు ఇద్దరే ఒంటరిగా మాట్లాడుకోవడం, అది ఫలించకపోతే ఒకరిద్దరు సాక్షులను వెంటబెట్టుకొని వెళ్లడం, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలుపడం. ఈ వచనాలు ఎరుగని క్రైస్తవులు లేరు. అయినా ఆచరణలో ఈ వరుస తలకిందులవుతున్నది. ముందు ఊరంతటికీ తెలుస్తుంది, తరువాత సాక్షులు పుడతారు, చిట్టచివర ఇద్దరూ ముఖాముఖి అవుతారు. అప్పటికి గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించి చూద్దాం. నలభై కుటుంబాల సంఘంలో కోత పండుగ జరిగింది. పండ్లు, ధాన్యం, కోళ్లు వేలం వేయగా 21,500 రూపాయలు వచ్చినవి. పందిరికి 6,000, విందుకు 9,200, సంఘకాపరికి కానుక 2,000, మొత్తం ఖర్చు 17,200. మిగులు 4,300 ఉండవలెను. కోశాధికారి చూపిన పైకం 1,300 మాత్రమే. మూడు వేలు ఏమైనవి?

ఇక్కడ రెండు దారులున్నవి. మొదటి దారిలో ఎవరో ఒకరు ఆ సాయంత్రమే టీకొట్టు దగ్గర ‘తినేశాడు’ అంటారు. రాత్రికి ఆ మాట వాట్సాప్ గుంపులోకి ఎక్కుతుంది. మరునాడు కోశాధికారి బావమరిది నిలదీస్తాడు. ఆదివారం నాటికి సంఘం రెండు గుంపులై, ఒక గుంపు తాళంచెవి పట్టుకొంటుంది.

రెండవ దారిలో, అనుమానం కలిగిన మనిషి కోశాధికారి ఇంటికి ఒంటరిగా వెళతాడు. ‘అన్నా, లెక్కలో మూడు వేలు తేడా కనబడుతున్నది, నాకు అర్థం కాలేదు’ అని అడుగుతాడు. దొంగవని అనకుండా అర్థం కాలేదని అనడంలోనే మొదటి మెట్టు అంతా ఉన్నది. కోశాధికారి చెప్పిన దాని ప్రకారం, పండుగ వారంలో ఒక నిరుపేద ఇంట మరణం సంభవించింది. శవపెట్టెకు డబ్బు లేక వారు చేయి చాచితే, అతడు పండుగ సొమ్ములో నుండి మూడు వేలు ఇచ్చాడు. వారి పేరు బయటపడరాదని పుస్తకంలో రాయలేదు.

అడిగిన మనిషికి నమ్మకం కుదరకపోతే రెండవ మెట్టు ఉన్నది. ఇరువైపులా చుట్టరికం లేని ఇద్దరిని తీసుకొని వెళ్లి, పెట్టె చేసిన వడ్రంగి దగ్గర విచారించవచ్చును. మాట నిజమని తేలితే తగవు అక్కడితో తీరినట్లే. అయినా పద్ధతి తప్పు మిగిలే ఉన్నది. దానిని కమిటీలో సరిచేయవలెను. ఆ మూడు వేలు పేరు చెప్పకుండా ‘సహాయ నిధి’ కింద రాసి, ఇకమీదట 500 రూపాయలు దాటిన ఏ ఖర్చుకైనా కార్యదర్శి సంతకం కూడా ఉండవలెనని తీర్మానం చేయవచ్చును. ఒకవేళ సొమ్ము నిజంగా వాడుకొన్నాడని తేలితే, వాయిదాల మీద తిరిగి కట్టే ఏర్పాటు చేసి, పదవి నుండి తప్పించి, సభ్యునిగా మాత్రం ఉంచుకోవడం చాలా సంఘాలకు సాధ్యమయ్యే పని. పదవి పోవడం వేరు, పీట పోవడం వేరు.

ఈ మెట్లలో మూడు పనులు చేయకూడనివి. ఆకాశరామన్న ఉత్తరాలు రాయడం మొదటిది. మొదటి తిమోతి పత్రిక 5వ అధ్యాయం ప్రకారం కూడా పెద్దపై ఆరోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే చెల్లదు. రెండవది ప్రసంగ పీఠం మీద నుండి చాటుగా దెప్పడం. అక్కడ తిరుగు మాట చెప్పే వీలు వినేవారికి లేదు గనుక అది వాదమూ కాదు, బోధా కాదు. మూడవది సంస్కారపు బల్లను, పెండ్లిని, సమాధిని ఆయుధాలుగా వాడడం. తండ్రి కమిటీని ఎదిరించాడని బిడ్డ బాప్తిస్మం ఆపిన చోట, చందా బాకీ ఉన్నదని శవాన్ని తోట వాకిట నిలబెట్టిన చోట పుట్టిన పగ రెండు తరాల దాకా పోదు.

భాష తగవుకు పాత జవాబు

సరిహద్దు సంఘాలకే ప్రత్యేకమైనది భాష తగవు. ముసలివారికి తెలుగు పాటలు కావలెను. వారి మనుమలకు తెలుగు మాట వచ్చును గాని చదువు రాదు. కోడళ్లలో కొందరు అవతలి భాష ఇండ్ల నుండి వచ్చినవారు. కొత్తగా వచ్చిన సంఘకాపరికి ఒక భాషలోనే ప్రసంగం చేతనవును. అప్పుడు ‘ఇది తెలుగు మందిరం’ అని ఒకరు, ‘ఈ రాష్ట్రంలో ఉంటూ ఈ భాష వద్దంటారా’ అని మరొకరు మొదలుపెడతారు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో తొలి సంఘం ఎదుర్కొన్న తగవు ఇటువంటిదే. యెరూషలేములో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రకు అనుదిన పంపకంలో అన్యాయం జరుగుతున్నదని వారు హెబ్రీయులపై సణిగారు. అపొస్తలులు ఆ సణుగుడును తప్పని గద్దించలేదు. ఆ పని చూడటానికి మంచి పేరు పొందిన ఏడుగురిని ఏర్పరచుకొమ్మని అందరినీ పిలిచి చెప్పారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వైపువారి చేతికే పంపకం అప్పగించబడిందన్న మాట. సంఖ్యలో ఎక్కువ ఉన్నవారు తక్కువ ఉన్నవారిని నమ్మి అధికారమిచ్చినందున సంఘం చీలలేదు.

నేటి చిన్న సంఘంలో దీనిని కొన్ని తేలిక ఏర్పాట్లుగా మార్చుకోవచ్చును. పాటలు తెలుగులోను, వాక్యపఠనం రెండు భాషలలోను, ప్రసంగం వారం మార్చి వారం ఒక్కొక్క భాషలోను పెట్టుకోవచ్చును. ప్రసంగం ఒకే భాషలో ఉంటే చివర అయిదు నిమిషాలు రెండవ భాషలో సారాంశం చెప్పించవచ్చును. పిల్లల కోసం పాటలను అవతలి లిపిలో రాసిపెట్టడం తాత్కాలిక ఉపాయం. వేసవి సెలవులలో ఆదివారపు బడిలోనే తెలుగు అక్షరాలు నేర్పడం నిలకడైన ఉపాయం. ఏ భాషలో ఎంత అన్నది నిర్ణయించే బృందంలో కోడళ్లు, యౌవనులు కూడా ఉండవలెను. వారు లేని నిర్ణయం ఆరు నెలలు నిలవదు.

సమాధాన సభ ఎలా జరపాలి

తగవు సంఘం దాకా వస్తే పెద్దలు కూర్చోక తప్పదు. పల్లె పంచాయితీలు అనుభవం మీద నేర్చుకొన్న కొన్ని నియమాలు ఇక్కడ పనికివస్తాయి. సభకు ముందుగా ఇరువైపులవారిని వేర్వేరుగా విని, కోరికలు కాగితం మీద రాయించవలెను. ‘అతడు మంచివాడు కాడు’ అన్నది కోరిక కాదు. ‘2023 నుండి లెక్క చదివి వినిపించవలెను’ అన్నది కోరిక. కోరికగా మారని కోపాన్ని ఎవరూ తీర్చలేరు.

మధ్యవర్తులు బేసి సంఖ్యలో, ముగ్గురు గాని అయిదుగురు గాని ఉండవలెను. వారిలో కనీసం ఒకరు స్త్రీ, ఒకరు పొరుగూరి సంఘానికి చెందినవారు అయితే మేలు. దగ్గర చుట్టాలు, ఇరువైపులా అప్పు ఇచ్చిపుచ్చుకొన్నవారు కూర్చోరాదు. తగవు సంఘకాపరికి సంబంధించినదైతే ఆయన అధ్యక్షత వహించరాదు. స్థలం కూడా ముఖ్యమే. ఏ ఒక్క వైపువారి ఇంటిలోనూ కాక, మందిరంలోనో బడి వరండాలోనో జరగవలెను. రాత్రి భోజనాలయిన తరువాత పెట్టే సభలు కలతకు దారి తీస్తాయి గనుక పగటి పూట పెట్టడం మంచిది.

సభలో ఒకరు మాట్లాడుతుండగా మరొకరు అడ్డు రాకూడదు. ప్రతి వైపువారు తమ మాట చెప్పిన తరువాత, ఎదుటివారు ఏమన్నారో తమ నోటితో తిరిగి చెప్పించడం మంచి పద్ధతి. చాలాసార్లు అక్కడే సగం కోపం దిగిపోతుంది. పాత తగవులను ఎక్కడి దాకా తవ్వవచ్చునో ముందే గడువు పెట్టుకోవలెను. ఒక్క సభలో తేలకపోతే వారం తరువాత రెండవ సభ, మహా అయితే మూడవ సభ. అంతకు మించి సాగదీస్తే సభలే తగవుగా మారుతాయి.

కుదిరిన ఒప్పందం రెండు భాషలలో రాసి అందరి ముందు చదివి, ఇరువైపులవారూ మధ్యవర్తులూ సంతకాలు చేయవలెను. ఎవరు, ఏ పని, ఏ తేదీలోగా చేయాలో అందులో ఉండవలెను. ‘ఇకపై ప్రేమగా ఉండవలెను’ అన్న వాక్యం ఒక్కటే ఉంటే ఆ కాగితం ఎందుకూ కొరగాదు. మూడు నెలల తరువాత మధ్యవర్తులు మళ్లీ కలిసి ఒప్పందం అమలైనదీ లేనిదీ చూడవలెను.

పై సంఘానికి వెళ్లవలసినప్పుడు

ఊరిలో తేలని తగవు పైకి వెళుతుంది. ఎక్కడికన్నది ఆ సంఘం కట్టుబాటును బట్టి ఉంటుంది. దక్షిణ ఇండియా సంఘంలో ఊరి సంఘాలు కొన్ని కలిసి పాస్టరేటుగా ఉంటాయి. గురువుల నియామకం, బదిలీ డయోసిస్ చేతిలో ఉంటుంది గనుక, గురువుపై ఫిర్యాదు పాస్టరేటు కమిటీ ద్వారా డయోసిస్‌కు, బిషప్పుకు చేరవలెను. ఊరివారు తాళం వేసినంత మాత్రాన గురువు బదిలీ కాడు. బాప్టిస్టు సంఘాలలో ఊరి సంఘసభే సర్వాధికారి. కాపరిని పిలిచేదీ పంపేదీ ఆ సభే. అసోసియేషన్ పెద్దలు సలహా చెప్పగలరు గాని ఆజ్ఞ వేయలేరు. అందువలన అక్కడ సభ్యుల పట్టిక సరిగా ఉండటం ప్రాణప్రదం. ఓటు ఎవరికి ఉన్నదో తగవు రాకముందే తేలి ఉండవలెను.

స్వతంత్ర సంఘాలకు పైన ఎవరూ లేరు. స్థాపించిన కాపరి మాటే చట్టంగా నడిచి, ఆయన తరువాత కుమారుల నడుమనో శిష్యుల నడుమనో చీలిక రావడం కనిపిస్తున్న విషయమే. అటువంటి సంఘాలు శాంతిగా ఉన్న రోజులలోనే నియమావళి రాసుకొని, తగవు వస్తే ఏ ఇద్దరు ముగ్గురు పొరుగు కాపరుల మాటకు కట్టుబడతారో అందులో చేర్చుకోవడం మంచిది.

చట్టం ఏమంటున్నది

విశ్వాసులు ఒకరిపై ఒకరు న్యాయస్థానానికి వెళ్లడాన్ని పౌలు మొదటి కొరింథీ పత్రిక 6వ అధ్యాయంలో మందలించాడు. అయినా స్థలం, రిజిస్ట్రేషన్, పదవి వంటి విషయాలలో చట్టం తెలిసి ఉండటం తగవు పెంచడానికి కాక, తగ్గించడానికే పనికివస్తుంది.

ముందు స్థలం సంగతి. చాలా ఊళ్లలో మందిరపు స్థలం ఒక పెద్ద పేరనో మొదటి కాపరి పేరనో ఉన్నది. ఆయన ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. పోయిన తరువాత వారసులు హక్కు అడుగుతారు. దీనికి విరుగుడు ఆయన జీవించి ఉండగానే సొసైటీకో ట్రస్టుకో దాన పత్రం రాయించడం. స్థిరాస్తి దానం ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరు అయితేనే చెల్లుతుంది. భూమి ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉన్నదో అక్కడే రిజిస్టరు చేయించవలెను. సభ్యులు గీతకు ఇవతల ఉన్నా, భూమి అవతల ఉంటే అవతలి కార్యాలయమే గతి. ప్రభుత్వం ఇచ్చిన భూమి అయితే మరింత జాగ్రత్త అవసరం. కర్ణాటకలో షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ప్రభుత్వం ఇచ్చిన భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా బదిలీ చేయడాన్ని 1978 నాటి చట్టం నిషేధిస్తున్నది.

సంఘం సొసైటీగా రిజిస్టరు అయి ఉంటే, ఏ రాష్ట్రంలో అయితే ఆ రాష్ట్రపు చట్టం వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం, 2001లోని 23వ సెక్షన్ ప్రకారం సభ్యుల నడుమ వచ్చిన తగవును మధ్యవర్తిత్వ చట్టం కింద గాని జిల్లా కోర్టులో గాని పరిష్కరించుకోవచ్చును. కర్ణాటక (1960), తమిళనాడు (1975) చట్టాలలో సభ్యులలో మూడవ వంతుకు తక్కువ కాకుండా కోరితే రిజిస్ట్రారు విచారణ జరిపే వీలు ఉన్నది. చుట్టూ ఆంధ్ర గ్రామాలే ఉన్నా యానాం పుదుచ్చేరిలో భాగం గనుక, అక్కడి వ్యాజ్యం పైకి పోతే చేరేది మద్రాసు హైకోర్టుకు.

సివిల్ కోర్టులు ఏ బోధ సరియైనదో తేల్చవు. ఆస్తి ఎవరిది, పదవి ఎవరిది అన్నవి మాత్రం విచారిస్తాయి. ప్రజా ట్రస్టు ఆస్తిని నిర్వాహకులు పాడుచేస్తున్నారనుకొంటే, అందులో ఆసక్తి గల ఇద్దరు లేక అంతకు మించినవారు కోర్టు అనుమతితో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద దావా వేయవచ్చును. ఇది ఏళ్ల తరబడి సాగే పని.

తాళం పడటం గురించి కూడా తెలుసుకోవలెను. స్థలం విషయమై రెండు గుంపుల నడుమ కొట్లాట జరిగే ప్రమాదం ఉన్నదని తోస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు జోక్యం చేసుకోవచ్చును. పూర్వం ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 145వ సెక్షన్. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత 164వ సెక్షన్. ఆ విచారణలో హక్కు ఎవరిదో తేల్చరు, స్వాధీనం ఎవరిదో మాత్రమే చూస్తారు. అవసరమనుకొంటే తరువాతి సెక్షన్ కింద ఆస్తిని జప్తు చేస్తారు. అప్పుడు పడే తాళం ఏ గుంపుదీ కాదు, ప్రభుత్వానిది. దానిని తీయించడానికి ఇరువైపులవారూ కలిసి తిరిగినా కాలం పడుతుంది.

కోర్టుకు, తాళానికి నడుమ లోక్ అదాలత్ ఉన్నది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద, కేసు వేయకముందే తగవును అక్కడికి తీసుకొని వెళ్లవచ్చును. ఇరువైపులవారూ ఒప్పుకొన్నప్పుడే అవార్డు ఇస్తారు. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. కోర్టులో ఉన్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన ఫీజు తిరిగి వస్తుంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు తెగల వారికి ఈ చట్టం కింద ఉచిత న్యాయ సహాయం కూడా ఉన్నది. సంఘంలో రాసుకొన్న ఒప్పందానికి చట్టబలం కావలెనంటే ఇది దగ్గరి దారి.

విడిపోక తప్పనప్పుడు

అన్ని తగవులూ కలయికతో ముగియవు. పౌలు, బర్నబాలు మార్కును వెంట తీసుకొని పోవడం గురించి తీవ్రంగా వాదించుకొని వేరైపోయిన సంగతి అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలోనే ఉన్నది. అబ్రాము, లోతుల మందలు ఒక్క చోట ఇమడనప్పుడు, పెద్దవాడైన అబ్రామే చిన్నవాడిని ముందుగా ఎంచుకొమ్మన్నాడు.

విడిపోవడం ఖాయమైతే అది కూడా రాతపూర్వకంగా జరగవలెను. మందిరం ఎవరికి, పాత్రలు, కుర్చీలు, మైకు సెట్టు, బ్యాంకు నిల్వ ఎవరికి ఎంత అన్నది జాబితాగా రాసుకోవలెను. బాప్తిస్మపు, వివాహపు రిజిస్టర్లను చింపరాదు. నకళ్లు తీసి ఇరువురూ ఉంచుకోవలెను. బడి, పాస్‌పోర్టు, పెండ్లి పనులలో ఆ కాగితాలు ఎవరికి ఎప్పుడు అవసరమవుతాయో తెలియదు. సమాధుల తోట మాత్రం పంచకూడదు. తాతముత్తాతలు ఇరువైపులవారూ ఉన్న నేల అది. తోటను ఉమ్మడిగా ఉంచి, శుభ్రపరచే పని వంతులవారీగా చేసుకొన్న చోట, సమాధుల పండుగ నాటికి రెండు గుంపులూ ఒకే చోట దీపాలు వెలిగించవలసి వస్తుంది. మాటలు మళ్లీ కలవడానికి అటువంటి రోజులే దారి చూపుతాయి.

ఈ నెలలోనే చేయదగినవి

తగవు లేని సంఘం కూడా కొన్ని పనులు ఇప్పుడే చేసుకొంటే మంచిది. కానుకల పెట్టె ప్రతివారం ఇద్దరు, చుట్టరికం లేనివారు, కలిసి లెక్కించి పుస్తకంలో సంతకాలు చేయడం. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టడం. నెల మొదటి ఆదివారం ఆరాధన తరువాత లెక్క పైకి చదివి వినిపించడం. సభ్యుల పట్టికను ఏటా ఒకసారి సరిచూడటం. స్థలం పత్రాల నకళ్లు ముగ్గురి ఇళ్లలో ఉంచడం. కమిటీ పదవులకు గడువు పెట్టి, గడువు తీరినవారు కనీసం ఒక దఫా ఆగడం. తాళంచెవులు రెండు చేయించి, ఒకటి కాపరి దగ్గర, మరొకటి కమిటీలో లేని ఒక పెద్దావిడ దగ్గర ఉంచడం. ఆమె దగ్గర ఉన్న చెవిని అడిగి తీసుకొని పోయి మందిరానికి తాళం వేయడానికి ఎంత కోపంలో ఉన్నవాడైనా ఒకసారి ఆలోచిస్తాడు.